ఆస్తమా మాత్ర నుంచి అనుమతి కాగితం దాకా

1974 జూన్ 15, మ్యూనిక్. ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఇటలీతో ఆడుతున్న హైతీని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అలాంటిది ఇమ్మాన్యుయెల్ సనోన్ కొట్టిన గోల్‌తో, 1,142 నిమిషాలుగా అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో గోల్ ఇవ్వని ఇటలీ గోల్‌కీపర్ డీనో జోఫ్ రికార్డుకు గండి పడింది. ఇటలీ 3-1తో గెలిచినా సంబరం హైతీదే.

అది మూణ్ణాళ్ల ముచ్చటే అయింది. హైతీ డిఫెండర్ ఎర్నెస్ట్ జాన్-జోసెఫ్ మూత్రంలో ఫెన్‌మెట్రజీన్ అనే ఉత్ప్రేరకం బయటపడింది. ప్రపంచ కప్‌లో డోప్ పరీక్షకు దొరికిన మొదటి ఆటగాడు అతనే. ఆస్తమాకు వేసుకున్న మాత్రలని మొత్తుకున్నాడు. జట్టు డాక్టరే ఆ మాట కొట్టిపారేశాడు. సొంత అధికారులే అతణ్ణి చితకబాది స్వదేశానికి పంపేశారు.

నాలుగేళ్లకు స్కాట్లండ్ ఆటగాడు విల్లీ జాన్‌స్టన్ వంతు. పెరూతో మ్యాచ్ తర్వాత దొరికాడు. రియాక్టివాన్ మాత్రలు అలర్జీకి వేసుకున్నానన్నాడు. అతణ్ణీ ఇంటికి పంపారు.

అంటే దొరికాక సంజాయిషీ. ఈ వరసను తిరగేసింది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా. 1999లో పుట్టిన ఆ సంస్థ నియమావళి 2004లో అమల్లోకి వచ్చింది. నిషిద్ధ మందు తప్పనిసరైతే ముందే కాగితం తెచ్చుకోవాలి. దాని పేరు టీయూఈ, చికిత్స కోసం మినహాయింపు. జబ్బు నిజమై ఉండాలి, వేరే మందు పనికిరాకూడదు, ఆ మందు ఆరోగ్యాన్ని మామూలు స్థితికి తేవాలే తప్ప అదనపు సత్తువ ఇవ్వకూడదు. ఈ మూడోదాన్ని కొలవడమే కష్టం. మామూలు స్థితి ఏదో ఎవరు చెప్పగలరు?

పైగా ఈ మినహాయింపు రోగి రహస్యం, బయటికి రాదు. అనుమానం పుట్టడానికి అంతకన్నా ఏం కావాలి! 2017 ఆగస్టులో ‘ఫ్యాన్సీ బేర్స్’ హ్యాకర్లు 2010 ప్రపంచ కప్‌లో మినహాయింపు పొందినవాళ్ల జాబితా బయటపెట్టారు. కార్లోస్ తెవేజ్, డిర్క్ కైట్ లాంటి పేర్లున్నాయి. అనుమతితో మందు వాడటం నేరం కాదు. అయినా చాలామంది చదివింది పేర్లే, నిబంధన కాదు. కీలు నొప్పికి నేరుగా కీల్లోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కైతే చాలాకాలం మినహాయింపు అవసరమే లేదు. 2022 నుంచి మాత్రం పోటీల సమయంలో ఆ రకం స్టెరాయిడ్‌ను ఇంజెక్షన్‌గా ఎక్కడ ఇచ్చినా నిషిద్ధం.

కాగితం ఆలస్యమైతే ఏమవుతుందో ఫుట్‌బాల్ ఆటగాడు సమీర్ నస్రీకి తెలుసు. 2016 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లోని ఓ క్లినిక్‌లో 500 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించుకున్నాడు. అందులో ఉన్నది నీళ్లూ పోషకాలే. కానీ అప్పటి పరిమితి 6 గంటల్లో 50 మిల్లీలీటర్లు. తర్వాత పెట్టుకున్న మినహాయింపు దరఖాస్తును యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ తోసిపుచ్చి, మొదట 6 నెలల నిషేధం విధించింది, అప్పీలులో దాన్ని 18 నెలలకు పెంచింది. 2019 జనవరిలో గానీ వెస్ట్‌హామ్ క్లబ్ తరఫున అతను మళ్లీ మైదానంలో దిగలేదు.