రసాయన దీప్తి చిత్రణ: చవక పరికరాల చరిత్ర

వేడితో పనిలేకుండా రసాయన చర్యలోనే పుట్టే వెలుగును కెమెరాతో పట్టి, దాని తీవ్రతను బట్టి రక్తంలోనో లాలాజలంలోనో ఉన్న పదార్థం మోతాదు తేల్చే పద్ధతి ఇది. ల్యాబుల్లో ఈ వెలుగును కెమిలూమినిసెన్స్ అంటారు.

వెలుగు పాతదే. 1877లో రాడ్జిజెవ్‌స్కీ లోఫీన్ అనే పదార్థం మెరవడం గమనించాడు. 1928లో ఆల్‌బ్రెఖ్ట్ లూమినాల్ నీలికాంతిని వర్ణించాడు. 1937లో స్పెక్ట్ దాంతో రక్తపు మరకలు పట్టవచ్చని చూపాడు. వైద్య పరీక్షల్లోకి రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. యాలో, బెర్సన్‌ల రేడియో ఇమ్యునోఎస్సేలో యాంటీబాడీతో చేసే పరీక్షకు రేడియోధార్మిక పదార్థమే గుర్తు. 1983లో కార్డిఫ్ పరిశోధకులు ఆ గుర్తు స్థానంలో వెలుగునిచ్చే ఆక్రిడీనియం ఎస్టర్‌ను పెట్టారు. కథ మలుపు తిరిగింది అక్కడే.

ఆ మలుపు తర్వాత వచ్చిన యంత్రాల్లో కన్ను, మసక వెలుగును కూడా పట్టే ఫోటోమల్టిప్లయర్ ట్యూబు. అవి గుండెపోటును తేల్చే ట్రోపోనిన్‌ను లీటరుకు నానోగ్రాముల్లో చదవగలవు. 1975 నాటికి ట్రోపోనిన్ పరీక్షే లేదు. ఈసీజీ, ఎంజైముల లెక్కలే దిక్కు. కానీ ఇలాంటి యంత్రం, దాని రీఏజెంట్ల ఖర్చు చిన్న ఊరి ల్యాబుకు మోయలేని బరువు.

ధర దిగడానికి కారణం వైద్యులు కాదు, ఫోన్లు. 1990లలో ఎరిక్ ఫోసమ్ బృందం అభివృద్ధి చేసిన సీమాస్ కెమెరా సెన్సరు అందరి జేబుల్లోకీ చేరింది. ఇటలీలోని బొలోన్యాలో ఆల్డో రోడా బృందం 2015లో లాలాజలంలోని కార్టిసాల్‌ను ఫోనుతో కొలిచింది. మన దగ్గర హైదరాబాద్ బిట్స్ పిలానీలో సంకేత్ గోయల్ బృందం మరో దారి పట్టింది: పాలీఇమైడ్ షీటును లేజరుతో కాల్చి గ్రాఫీన్ ఎలక్ట్రోడులు గీసి, త్రీడీ ప్రింటరు పెట్టెలో అమర్చి, కరెంటుతో పుట్టించిన వెలుగును ఫోనుతో చదివింది. గ్లూకోజ్, డోపమైన్, బి12 విటమిన్ వంటివి కొలిచింది. గ్లూకోజ్ మిల్లీమోళ్లలో ఉంటుంది కాబట్టి ఫోను కెమెరాకు అందుతుంది. ట్రోపోనిన్‌లా లీటరుకు నానోగ్రాముల లెక్క దానికి చాలా కష్టం.

ఫోనుతో కొలవడంలో వేరే ఇబ్బందులూ ఉన్నాయి. శాంపిల్‌ను ఉంచే చీకటి పెట్టెకు సన్న సందు ఉన్నా ట్యూబులైటు వెలుతురే లెక్కలోకి వచ్చేస్తుంది. కెమెరా ఐఎస్ఓ, ఎక్స్‌పోజర్ ఆటోలో వదిలేస్తే ఒకే శాంపిల్‌కు రెండు అంకెలు వస్తాయి. వెలుగు పుట్టించే చర్యకు వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎండకు, వేడికి బలం కోల్పోతుంది. పైగా ప్రతి ఫోను మోడలుకూ ప్రామాణిక ద్రావణాలతో విడిగా కాలిబ్రేషన్ చేయాల్సిందే.