యాసిడ్ హౌస్‌ని కనిపెట్టింది నిజంగా మనోడేనా? నా షార్ట్‌లో తప్పు, 1982 నాటి ఒక రికార్డు

ఈరోజు ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెట్టాలి.

గతేడాది నేనొక షార్ట్ పెట్టా. నిమిషం కూడా ఉండదు. "యాసిడ్ హౌస్ మ్యూజిక్‌ని కనిపెట్టింది మన ఇండియన్. తెల్లోళ్ళు కొట్టేసి వాళ్ళ పేరు వేసుకున్నారు." ఇదీ దాని సారాంశం. నా ఛానెల్‌లో అప్పటిదాకా అంత స్పీడుగా తిరిగిన వీడియో ఇంకోటి లేదు. మా బాబాయ్ కూడా నాకే ఫార్వర్డ్ చేశాడు, అందులో మాట్లాడుతున్నది నేనేనని చూసుకోకుండా.

దాని కింద ఒకాయన కామెంట్ పెట్టాడు. "అన్నా, షికాగోలో ఆ ట్రాక్ చేసింది తెల్లోళ్ళు కాదు. నల్లజాతి కుర్రాళ్ళు. ఒకసారి చూసుకో." నేను రిప్లై ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే, వీడియో బాగా పోతోంది కదా, ఎందుకులే అనుకున్నా. తర్వాత కూర్చుని మొత్తం చదివితే తెలిసింది, ఆయన చెప్పిందే కరెక్ట్. అసలు కథ నా షార్ట్ కంటే చాలా బాగుంది కూడా. అది ఈరోజు మొదటి నుంచి చెప్తా.

ముందు ఒక చిన్న మాట. ఈడీఎం అంటే తెలియనివాళ్ళ కోసం. హౌస్ మ్యూజిక్ అంటే ధక్, ధక్, ధక్, ధక్ అని సమానమైన దూరంలో పడే కిక్ డ్రమ్. మన డీజే రీమిక్సుల్లో చాలావాటి కింద ఉండేది అదే. యాసిడ్ హౌస్ అంటే ఆ బీటు మీద ఒక వింత బాస్ సౌండ్. రబ్బరు సాగదీసి వదిలినట్టు, ఏదో జీవి గుటకలు మింగుతున్నట్టు ఉంటుంది. మీరు వినే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు.

ఆ సౌండ్ ఒక మెషీన్‌ది. దాని పేరు రోలాండ్ టీబీ-303. జపాన్ కంపెనీ రోలాండ్ దాన్ని 1981 చివర్లో మార్కెట్లోకి తెచ్చింది. డిజైన్ చేసిన ఇంజనీర్ తడావో కికుమోటో. ఆయన డాన్స్ క్లబ్బుల కోసం చేయలేదండి దీన్ని. ఒక్కడే గిటార్ వాయించుకునే మనిషికి పక్కన బాస్ గిటార్ వాయించేవాడు ఉండడు కదా. ఆ లోటు ఈ పెట్టె తీరుస్తుందన్నది ప్లాన్. కానీ దాని సౌండ్ బాస్ గిటార్‌లా అస్సలు లేదు. ప్రోగ్రామ్ చేయడం పెద్ద తలనొప్పి. దాదాపు 10,000 తయారుచేసి, 1984కల్లా ఆపేశారు. మిగిలినవి సెకండ్ హ్యాండ్ షాపుల్లో చవగ్గా పడి ఉండేవి.

నేను బీటెక్ ఈసీఈ. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పడ్డా, ఆ తర్వాత ఇలా మీ ముందు పడ్డా, అది వేరే విషయం. ఈసీఈ వాళ్ళకి ల్యాబ్‌లో లో-పాస్ ఫిల్టర్ గుర్తుండే ఉంటుంది. ఒక ఫ్రీక్వెన్సీ దాటితే పైవాటిని కోసేస్తుంది. 303 లోపల ఉన్నది అదే. పైన వరుసగా ఆరు చిన్న నాబ్‌లు. వాటిలో ఒకటి కటాఫ్, ఎక్కడ కోయాలో చెప్తుంది. ఇంకోటి రెజొనెన్స్, ఆ కోసే చోట సౌండ్‌ని ఉబ్బిస్తుంది. పాట నడుస్తుండగా ఈ రెండూ తిప్పితే ఆ గుటకల సౌండ్ వస్తుంది. ల్యాబ్‌లో మేం గ్రాఫ్ గీసి సంతకం పెట్టించుకుని వచ్చేశాం. దాంతో డాన్స్ చేయించొచ్చని ఎవరూ చెప్పలేదు.

ఇంకో ఫీచర్ ఉంది, స్లైడ్. ఒక నోట్ నుంచి ఇంకో నోట్‌కి గెంతకుండా జారుకుంటూ వెళ్తుంది. సంగీతం నేర్చుకున్నవాళ్ళు వెంటనే పట్టేస్తారు. మన గమకాల్లో "జారు" అంటాం కదా, దానికి దగ్గర. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇప్పుడు బొంబాయి వెళ్తున్నాం.

1982. దేశమంతా డిస్కో పిచ్చి. 1980లో హిందీ సినిమా కుర్బానీలో నాజియా హసన్ పాట, తర్వాతి ఏడాది ఆమె డిస్కో దీవానే ఆల్బమ్, 1982 చివర్లో మిథున్ చక్రవర్తి డిస్కో డాన్సర్. అదే కథ 1984లో బాలకృష్ణ గారితో డిస్కో కింగ్‌గా మన దగ్గరికీ వచ్చింది. అప్పటి ఫొటోల్లో మన నాన్నల బెల్ బాటమ్ ప్యాంట్లు చూసి నవ్వుకుంటాం కదా, ఆ కాలం.

ఆ టైమ్‌లో బొంబాయి సినిమా స్టూడియోల్లో చరణ్‌జిత్ సింగ్ అనే సెషన్ మ్యూజీషియన్ ఉండేవారు. సెషన్ మ్యూజీషియన్ అంటే, పాట మనకి తెలుస్తుంది, సంగీత దర్శకుడి పేరు తెలుస్తుంది, పాడినవాళ్ళు తెలుస్తారు, అందులో గిటారో కీబోర్డో వాయించిన ఈయన మాత్రం తెలియరు. ఆర్‌.డి.బర్మన్, లక్ష్మీకాంత్-ప్యారేలాల్ లాంటివాళ్ళ దగ్గర పనిచేశారు. కొత్త మెషీన్లంటే ఆయనకి ఇష్టం. రోలాండ్ వాళ్ళవే జూపిటర్-8 సింథసైజర్, టీఆర్-808 డ్రమ్ మెషీన్, ఈ టీబీ-303, మూడూ ఆయన దగ్గర ఉన్నాయి.

ఆయనకొచ్చిన ఆలోచన చాలా సింపుల్. సినిమాల్లో అంతా డిస్కోనే. మన రాగాలు అలాగే ఉంచి, తబలా తీసేసి, ఆ చోట డిస్కో బీటు పెడితే? పెట్టారు. పది రాగాలు, పది ట్రాక్‌లు. 1982లో హెచ్‌ఎంవీ రికార్డుగా వచ్చింది. పేరు సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్. అందులో భూపాలి ఉంది, అంటే స్వరాల లెక్కన మన మోహన. మాల్కౌంస్ ఉంది, అంటే మన హిందోళం. త్యాగరాజ స్వామి "సామజవరగమన" చేసిన రాగం. యమన్ ఉంది, మన కల్యాణికి దగ్గర.

ఆ రికార్డు ఈరోజు పెట్టుకుని కళ్ళు మూసుకోండి. 1982 అని మీకు ఎవరైనా చెప్తే నమ్మరు. కింద 808 ఆపకుండా కొడుతుంటుంది. శ్రుతి ఒక చోట నిలబడి ఉంటుంది. 303 ఏమో స్వరం నుంచి స్వరానికి జారుతూ పోతుంటుంది. బాస్ గిటార్‌ని అనుకరించలేక ఫెయిలైన మెషీన్, రాగం దగ్గరికొచ్చేసరికి దానికోసమే పుట్టినట్టు పనిచేసింది. కారణం ఆ జారుడే.

మరి ఏమైంది? ఏమీ కాలేదు. రికార్డు అమ్ముడుపోలేదు. డిస్కో కావాలనుకున్నవాళ్ళకి ఇందులో పాట లేదు, హీరో లేడు. రాగం కావాలనుకున్నవాళ్ళకి ఇది మెషీన్ గోల. చరణ్‌జిత్ గారు మళ్ళీ తన స్టూడియో పనిలోకి వెళ్ళిపోయారు. రికార్డు మరుగున పడింది.

ఇక్కడిదాకా నా షార్ట్‌లో చెప్పింది కరెక్టే. తప్పు దీని తర్వాత మొదలైంది.

అమెరికాలో షికాగో. 1977లో అక్కడ వేర్‌హౌస్ అని ఒక క్లబ్ మొదలైంది. ఫ్రాంకీ నకల్స్ అనే డీజే అక్కడ ప్లే చేసేవాడు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు, లాటినోలు, గే కుర్రాళ్ళు. ఊళ్ళో మిగతా చోట్ల వాళ్ళని రానివ్వడం కష్టం, ఇక్కడ పొద్దున్నదాకా డాన్స్. హౌస్ మ్యూజిక్ అనే పేరు ఆ వేర్‌హౌస్ నుంచే వచ్చిందంటారు. 1979 జూలై 12న అదే షికాగోలో, ఒక బేస్‌బాల్ స్టేడియంలో, జనం చూస్తుండగా డిస్కో రికార్డుల గుట్టని బాంబు పెట్టి పేల్చారు. డిస్కో చచ్చిపోయిందని సంబరం. కానీ ఆ క్లబ్బుల్లోకి వెళ్ళే కుర్రాళ్ళు మాత్రం డాన్స్ ఆపలేదు. పెద్ద కంపెనీలు డిస్కో చేయడం మానేస్తే, చవక మెషీన్లు కొనుక్కుని వాళ్ళే చేసుకున్నారు.

వాళ్ళలో ముగ్గురు ఫ్యూచర్ అనే గ్రూపు పెట్టారు. డీజే పియర్, స్పాంకీ, హెర్బ్ జే. స్పాంకీ ఒక సెకండ్ హ్యాండ్ 303 తెచ్చాడు. దాన్ని ఎలా వాడాలో సరిగ్గా తెలియదు. బీటు నడుస్తుంటే పియర్ ఆ నాబ్‌లు తిప్పుతూ కూర్చున్నాడు. మామూలుగా అయితే సౌండ్ సెట్ చేసుకుని నాబ్ వదిలేస్తారు. వీళ్ళు తిప్పడం ఆపలేదు. ఆ తిప్పడమే పాట అయింది. టేపు తీసుకెళ్ళి మ్యూజిక్ బాక్స్ అనే క్లబ్‌లో రాన్ హార్డీ అనే డీజేకి ఇచ్చారు.

తర్వాత జరిగింది డీజే పియర్ చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు. హార్డీ మొదటిసారి వేస్తే జనం డాన్స్ ఫ్లోర్ ఖాళీ చేసి వెళ్ళిపోయారు. అతను తగ్గలేదు. అదే రాత్రి రెండోసారి వేశాడు. మూడోసారి వేశాడు. నాలుగోసారి వేసేసరికి జనానికి పిచ్చెక్కిపోయింది. తర్వాత ఆ ట్రాక్ క్యాసెట్ల మీద క్యాసెట్లుగా ఊరంతా తిరిగింది. పేరు కూడా తెలియక జనం "రాన్ హార్డీ యాసిడ్ ట్రాక్" అని పిలుచుకున్నారు. 1987లో ట్రాక్స్ రికార్డ్స్ అనే కంపెనీ దాన్ని యాసిడ్ ట్రాక్స్ పేరుతో రిలీజ్ చేసింది. ఆ పేరే ఒక జానర్ పేరైంది. ఏడాది తిరిగేసరికి లండన్‌లో, 1988 వేసవిలో, అదొక ఉద్యమంలా అయిపోయింది.

ఇప్పుడు నా తప్పు చూడండి. బొంబాయి రికార్డు షికాగో చేరిందనడానికి ఒక్క ఆధారం కూడా లేదు. మన దగ్గరే దొరకని రికార్డు అది. ఒకే ఫెయిలైన మెషీన్ రెండు ఊళ్ళలో, ఒకరికొకరు తెలియని మనుషుల చేతుల్లో పడింది. అంతే. అసలు 303 వాడినవాళ్ళు మధ్యలో ఇంకా ఉన్నారు. స్కాట్లాండ్ బ్యాండ్ ఆరెంజ్ జూస్ రిప్ ఇట్ అప్ అనే పాటలో వాడింది, 1983లో అది బ్రిటన్‌లో హిట్ కూడా. దాన్ని ఎవరూ యాసిడ్ హౌస్ అనరు.

అంటే మనకి క్రెడిట్ రాలేదని అరుస్తూ నేను చేసిందేంటి? జేబులో డబ్బుల్లేని ముగ్గురు నల్లజాతి కుర్రాళ్ళు, వాళ్ళ కోసం ఫ్లోర్ ఖాళీ అయినా భయపడని ఒక డీజే, వీళ్ళందరి క్రెడిట్ ఒక్క లైన్‌లో కొట్టేశా. పైగా వాళ్ళని "తెల్లోళ్ళు" అన్నా. దొంగతనం గురించి వీడియో చేసి, అందులో నేనే దొంగతనం చేశా. సారీ. ఆ షార్ట్ తీసేశా.

మరి చరణ్‌జిత్ గారి గొప్పతనం తగ్గిందా? అస్సలు తగ్గలేదండి. నాకు అర్థమైంది ఏంటంటే, ఒక సౌండ్ ముందు చేయడం వేరు, ఒక జానర్ మొదలవడం వేరు. సౌండ్ ఒక్కడు గదిలో కూర్చుని చేయగలడు. జానర్‌కి మాత్రం మళ్ళీ వెయ్యమని అడిగే జనం కావాలి. మన తీన్మారే చూడండి. హైదరాబాద్ బరాత్‌లో ఆ దెబ్బ పడగానే చొక్కా గుండీలు విప్పి దిగే కుర్రాళ్ళు లేకపోతే, అది ఒక తాళం లెక్కగా పుస్తకంలో ఉండేది. షికాగోకి మ్యూజిక్ బాక్స్ ఉంది. బొంబాయిలో ఆ రికార్డు నాలుగోసారి వేసే రాన్ హార్డీ లేడు. తేడా టాలెంట్‌లో లేదు.

ఆ నాలుగోసారి వేసే మనిషి చరణ్‌జిత్ గారికి ఇరవై ఏళ్ళు ఆలస్యంగా దొరికాడు. 2002లో ఎడో బౌమన్ అనే డచ్ రికార్డు కలెక్టర్‌కి ఢిల్లీలో ఈ రికార్డు కనబడింది. విని ఆగలేకపోయాడు. తర్వాత చరణ్‌జిత్ గారిని వెతికి పట్టుకున్నాడు. 2010లో తన లేబుల్ బాంబే కనెక్షన్ మీద మళ్ళీ రిలీజ్ చేశాడు. విన్నవాళ్ళలో కొందరు ఇది ఫేక్, ఇప్పుడు చేసి పాత డేట్ వేశారని కూడా అనుమానపడ్డారు. అంత నమ్మశక్యంగా లేదు మరి. డెబ్బై దాటిన వయసులో ఆయన యూరప్ వెళ్ళి, ఆ రాగాలని కుర్రాళ్ళ ముందు లైవ్‌గా వాయించారు. 2015 జూలైలో ముంబైలో కన్నుమూశారు. ఫ్లోర్ చూసే వెళ్ళారు. నాకు ఈ కథలో బాగా నచ్చేది అదే.

నేను జాబ్ చేసే రోజుల్లో నైట్ షిఫ్ట్‌లో కొత్త ట్రాకుల కోసం తెల్లారేదాకా వెతికేవాణ్ణి. యాప్ ఏది ముందుకి తోస్తే అది. పది సెకన్లు వినడం, నచ్చకపోతే తోసేయడం. ఆ లెక్కన రాన్ హార్డీ ఫ్లోర్ మీద మొదటి రౌండ్‌లోనే నేను కూడా వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు ఒక చిన్న అలవాటు చేసుకున్నా. వింతగా అనిపించిన ట్రాక్‌ని వెంటనే తోసేయను. అదే వారంలో నాలుగుసార్లు వింటా. ఆ తర్వాతే డిసైడ్ అవుతా. రీమిక్స్ అయితే, కింద వాయించింది ఎవరో, అసలు పాట ఎవరిదో ఒక్క నిమిషం వెతుకుతా. దొరికిన పేరు పక్కవాడికి పంపుతా.

మీరు కూడా ఈరోజు ఒక పని చేయండి. ముందు యాసిడ్ ట్రాక్స్ వినండి, పదకొండు నిమిషాల పైనే ఉంటుంది, ఓపిక పట్టండి. తర్వాత చరణ్‌జిత్ గారి మాల్కౌంస్ వినండి. రెండూ నాలుగుసార్లు. ఏది గొప్పదో నాకు కామెంట్ పెట్టొద్దు. రెండిట్లో మీకు ఎక్కడ ఒళ్ళు ఊగిందో, ఆ నిమిషం, ఆ సెకను పెట్టండి.

ఆ రోజు నన్ను సరిదిద్దిన అన్నా, ఈ వీడియో చూస్తున్నావో లేదో తెలియదు. రిప్లై లేట్ అయింది. థ్యాంక్స్.

ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.