సామర్లకోట సెమినరీ: మిషనరీ చరిత్రలో తెలుగు బోధకుని స్థానం

కోస్తాంధ్రలోని క్రైస్తవ మిషన్ల చరిత్ర చాలావరకు సముద్రాలు దాటి వచ్చిన విదేశీయుల యాత్రాచరిత్రగానే రచింపబడింది. కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఆవిర్భావాన్ని పరిశీలిస్తే ఈ దృక్పథానికి సవరణ అవసరమని స్పష్టమవుతుంది.

కెనడాకు చెందిన జాన్ మెక్‌లారిన్ తొలుత ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టుల పక్షాన పనిచేశాడు. 1874లో కాకినాడ చేరి కెనడియన్ మిషన్‌ను నెలకొల్పాడు. కాని ఆ క్షేత్రాన్ని అంతకుముందే సిద్ధం చేసినవాడు థామస్ గాబ్రియేలు అనే తెలుగువాడు. తంతి శాఖలో ఉద్యోగం చేసిన గాబ్రియేలు, దానిని విడిచి సొంత పూనికతో బోధన సాగించాడు. ఆర్థికభారం మోయలేని స్థితిలో మెక్‌లారిన్ తోడ్పాటు కోరాడు. కనుక విదేశీయుని ఆ ప్రయాణం ఒక తెలుగువాని పిలుపునకు ప్రతిస్పందన.

1882లో మెక్‌లారిన్ సామర్లకోటలో బోధకుల శిక్షణకు సెమినరీని ప్రారంభించాడు. కుమారారామ భీమేశ్వరాలయంతో ప్రసిద్ధమైన ఈ పట్టణం, ధవళేశ్వరం నుండి కాకినాడ వైపు సాగే కాలువల కూడలి. 1893లో రైలుమార్గం రాకముందు డెల్టాలో రాకపోకలకు పడవలే ప్రధాన ఆధారం. అయినా కాలువలు చేరని పల్లెలు, విదేశీయుని ఉచ్చారణకు లొంగని మాండలికాలు అనేకం. వాటిని చేరగలిగినవాడు స్థానిక బోధకుడే. సెమినరీ స్థాపన ఈ పరిమితికి పరోక్షమైన అంగీకారం.

అయినప్పటికీ మిషన్ రచనలలో విదేశీయులు పూర్తిపేర్లతోను, తెలుగు బోధకులు తరచు ‘స్థానిక సహాయకులు’గాను కనిపిస్తారు. గాబ్రియేలు పేరు నిలిచింది. ఆయన బాటలో నడిచిన అనేకుల పేర్లు నిలవలేదు. ఆ పేర్లను వెలికితీయనంతకాలం ఈ చరిత్ర అసంపూర్ణమే.