స్వాగ్ అంటే ముల్లె

మన కుర్రకారు నోట ‘స్వాగ్’ అనే మాట తరచుగా వినిపిస్తోంది. నడకలో దర్పం, వేషంలో తీరు, ఎవరినీ లెక్కచెయ్యని ధీమా, వీటన్నిటికీ కలిపి ఆ ఒక్క మాటే వాడుతున్నారు. 2024లో ఒక తెలుగు సినిమాకు అదే పేరు పెట్టారు. ఇంగ్లిష్‌లో ఈ మాటకు ఇంతకంటే పాత అర్థాలు రెండున్నాయి. ఒకటి దొంగసొత్తు, రెండోది బాటసారి వీపు మీది మూట. ఈ మూడు అర్థాలూ ఒకే మనిషి బతుకులో ఒకదాని వెనక ఒకటి నిజమయ్యే కథ ఒక సినిమాలో ఉంది. 1949 నాటి ఆ బ్రిటిష్ సినిమా పేరు ‘వన్స్ ఎ జాలీ స్వాగ్‌మన్’. మోటార్‌సైకిల్ పందేల కథకు మూట మోసే మనిషి పేరు ఎందుకు పెట్టారన్నదే ఈ చర్చ.

స్వాగ్‌కు మూలార్థం ఊగడం. స్కాండినేవియా భాషల నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిందని నిఘంటుకారుల అభిప్రాయం. బరువుతో నిండి ఉబ్బిన సంచి నడిచేవాడి భుజాన అటూ ఇటూ ఊగుతుంది కనుక సంచికీ ఆ పేరు వచ్చింది. ఒళ్లు ఊపుకుంటూ దర్జాగా నడిచేవాడి తీరుకు ‘స్వాగర్’ అన్నారు. షేక్‌స్పియర్ కాలానికే ఈ క్రియ వాడుకలో ఉంది. ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’లో వడ్రంగి, నేతగాడు వంటి చేతిపనివాళ్లు అడవిలో నాటకం సాధన చేసుకుంటుంటే, వాళ్లను చూసి పక్ అనే కొంటె పాత్ర ఈ మాట అంటుంది. ఇది గమనించదగ్గ విషయం. ప్రభువు ఠీవిగా నడిస్తే ఆ మాట పుట్టదు, అది అతని హక్కు. పనివాడు ఠీవిగా నడిచినప్పుడే దానికి వేరే పేరు కావలసి వచ్చింది. స్వాగర్‌లో మొదటి నుంచీ ‘నీకెందుకురా ఇంత?’ అనే ప్రశ్న దాగి ఉంది.

సంచి అర్థం మరో దారి పట్టింది. దొంగల రహస్య భాషలో సంచి పేరే సంచిలోని సొత్తుకు పేరయింది. ఈ వాడుకను శ్రద్ధగా రాసిపెట్టినవాడు జేమ్స్ హార్డీ వాక్స్. మూడుసార్లు ఆస్ట్రేలియాకు ద్వీపాంతర శిక్ష పడిన నేరస్థుడతను. న్యూ సౌత్ వేల్స్‌లోని న్యూకాసిల్‌లో శిక్ష అనుభవిస్తూ 1812లో దొంగల మాటల నిఘంటువు తయారుచేశాడు. 1819లో అది అతని ఆత్మకథతో కలిసి అచ్చయింది. ఆస్ట్రేలియాలో కూర్చిన మొదటి నిఘంటువుగా దాన్ని చెబుతారు. స్వాగ్‌కు అతను మూట అనీ, ఈ మధ్య చేజిక్కిన దొంగసొత్తు అనీ రెండర్థాలూ ఇచ్చాడు. ‘లాగ్’ అనే మాటా అందులో ఉంది, ద్వీపాంతర శిక్ష పడినవాడని దాని అర్థం. మనం చెప్పుకుంటున్న బ్రిటిష్ సినిమాలో లాగ్ గిబ్బన్ అనే రైడర్ ఉన్నాడు. ఆ పేరుకూ సినిమా పేరుకూ పుట్టుక ఒకే జైలుభాషలో ఉంది.

ఆస్ట్రేలియాలో ఈ మాట క్రమంగా నేరం మరక పోగొట్టుకుంది. పశువుల క్షేత్రాల మధ్య పని వెతుక్కుంటూ కాలినడకన తిరిగే కూలీ తన దుప్పటినీ, చిన్నాచితకా సామాన్లనూ చుట్టగా చుట్టి వీపున వేసుకునేవాడు. ఆ చుట్ట స్వాగ్, దాన్ని మోసేవాడు స్వాగ్‌మన్. చుట్టకు ముద్దుపేర్లూ ఉన్నాయి. ‘మటిల్డా’ అంటే అదే. దుప్పటి నీలిరంగుది కావడంతో ‘బ్లూయీ’ అన్నా అదే. 1893 నాటి బ్యాంకుల పతనం తర్వాత పనులు పోయి, ఎందరో ఆ చుట్ట భుజాన వేసుకుని రోడ్డున పడ్డారు. గొర్రెల ఉన్ని కత్తిరించే కార్మికులు 1891లోనూ 1894లోనూ పెద్ద సమ్మెలు చేశారు, ఓడిపోయారు. ఆ మరుసటి ఏడు, 1895లో, క్వీన్స్‌లాండ్‌లో బాంజో ప్యాటర్సన్ ‘వాల్ట్జింగ్ మటిల్డా’ పాట రాశాడు. ఆకలికి గొర్రెను పట్టుకున్న స్వాగ్‌మన్ పోలీసులకు చిక్కకుండా నీటిమడుగులో దూకి చనిపోతాడు. హుషారైన వరసలో నడిచే ఆ పాటలో ఉన్నది ఒక కూలీ చావు. సినిమా పేరు ఆ పాట మొదటి మాటల నుంచే తీసుకున్నారు. మొదటి మాటకు మన ‘అనగనగా’ దగ్గరగా ఉంటుంది. అనగనగా ఉల్లాసంగా ఉన్న ఒక మూటమనిషి. ఉల్లాసం గతంలోనే ఉండిపోయిందని ‘అనగనగా’ ముందే చెప్పేస్తుంది.

ఈ మాటకు తెలుగులో సాటి వెతికితే నాకు ‘ముల్లె’ కంటే మంచిది కనబడలేదు. ‘మూటా ముల్లె సర్దుకున్నారు’ అంటే ఊరు విడిచి వెళ్లిపోతున్నారని. ‘నీ ముల్లేం పోయింది?’ అంటే నీ సొమ్మేం నష్టమైందని. ‘ఎవడబ్బ ముల్లె?’ అన్నా సొత్తు గురించే. మూట, సొత్తు రెండూ ఒకే మాటలో ఒదిగిన తీరు స్వాగ్‌లాగే ఉంది. తేడా ఒక్కటే. ఇంగ్లిష్‌లో మూట సొత్తయింది దొంగతనం వల్ల. మన దగ్గర మూట సొత్తయింది దాచుకోవడం వల్ల. కొంగున ముడివేసుకున్న నాలుగు రూపాయలు పేదింటికి ముల్లె. స్వాగ్‌మన్ మూటా అలాంటి కూలివాడి ముల్లే. కనుక అతన్ని దేశదిమ్మరి అనడం నాకు సమ్మతం కాదు. దిమ్మరి తిరగడం కోసం తిరుగుతాడు. స్వాగ్‌మన్ పని కోసం తిరుగుతాడు.

ఇక పందేల సంగతి. సినిమాలోని మోటార్‌సైకిల్ పందెం పేరు స్పీడ్‌వే. స్పీడ్‌వే 1923 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని వెస్ట్ మైట్లాండ్ ఊరి వ్యవసాయ ప్రదర్శనలో, జానీ హోస్కిన్స్ నిర్వహణలో పుట్టిందని ఆ ఆటవాళ్లు చెప్పుకుంటారు. వాక్స్ నిఘంటువు రాసిన న్యూకాసిల్, ఈ మైట్లాండ్ రెండూ ఒకే హంటర్ నది ఒడ్డున ఉన్నాయి. 1928 ఫిబ్రవరిలో లండన్ శివార్లలోని హై బీచ్‌లో జరిగిన పోటీతో ఈ ఆట బ్రిటన్‌లో పేరుకెక్కింది. ఆ ఏడే ఆస్ట్రేలియా రైడర్లు ఓడలెక్కి వచ్చారు. 1936లో వెంబ్లీలో జరిగిన మొదటి ప్రపంచ పోటీ గెలిచిన లయొనెల్ వాన్ ప్రాగ్ ఆస్ట్రేలియా వాడే. 1938లో గెలిచినవాడు బ్లూయీ విల్కిన్సన్. ఆ ముద్దుపేరు అతని ఎర్రజుట్టును బట్టి వచ్చింది, ఆస్ట్రేలియా హాస్యంలో ఎర్రజుట్టువాడు ‘నీలయ్య’ అవుతాడు. అయినా స్వాగ్‌కున్న పేరు ఒక ప్రపంచ విజేతకూ ఉండడం ఈ మాట వెంట నడిచేవాళ్లకు సంతోషం కలిగించే విషయం.

స్పీడ్‌వే బండికి బ్రేకులుండవు. ఒకటే గేరు. ఆ రోజుల్లో జాప్ కంపెనీ 500 సీసీ ఇంజను, మెథనాల్ ఇంధనం. వదులు మట్టి పరచిన అండాకారపు ట్రాక్ మీద నలుగురు రైడర్లు నాలుగు చుట్లు తిరగాలి, ఎప్పుడూ ఎడమకే. మలుపులో వేగం తగ్గించరు. వెనక చక్రాన్ని పక్కకు జారనిచ్చి, ముందు చక్రాన్ని మలుపుకు ఎదురుగా కుడికి తిప్పి, ఉక్కు తొడుగు వేసిన ఎడమ కాలు నేలకు ఆన్చి జారుకుంటూ పోతారు. బండిని అలా వాల్చి ఊపడంలోనే ఆ విద్యంతా ఉంది. మొత్తం పందెం నిమిషం పైచిలుకు. ఆ నిమిషంలో పడితే వెనకనున్న ముగ్గురి దగ్గరా బ్రేకుల్లేవు.

సినిమాలో డిర్క్ బొగార్డ్ వేసిన బిల్ ఫాక్స్ 1930ల నాటి ఫ్యాక్టరీ కుర్రాడు. యంత్రం ముందు విసిగి ట్రాక్ ఎక్కుతాడు, కోబ్రాస్ జట్టులో పేరు తెచ్చుకుంటాడు. మొదట వచ్చేది స్వాగర్. తోలు దుస్తులు, జనం కేకలు, నిన్నటి పనివాడికి ఇవాళ కలిగిన ఠీవి. తర్వాత వచ్చేది దండిగా డబ్బు, సొత్తు అనే స్వాగ్. మూడోది ఆలస్యంగా తెలుస్తుంది. లాగ్ గిబ్బన్ ప్రమాదంలో దెబ్బతిన్నాక, రైడర్ వీపు మీద ఏముందో బిల్‌కు కనబడుతుంది. గెలిచినంతకాలమే కూలి, పడ్డవాడికి దిక్కులేదు. రైడర్లకు సంఘం కావాలని అతను పూనుకుంటాడు, యజమానులకు కంటగింపవుతాడు. యుద్ధం వస్తుంది, సైన్యంలోకి వెళ్తాడు. తిరిగొచ్చి మళ్లీ బండెక్కినా చివరకు ఆ ఆటనే వదిలేస్తాడు. మూడు అర్థాలూ దాటి వచ్చాక భుజం నుంచి మూట దించాడు.

ఈ అర్థాల వరస కాకతాళీయం కాదు. ఈ సినిమాకు మూలమైన నవల రాసిన మాంటగూ స్లేటర్ ‘లెఫ్ట్ రివ్యూ’ అనే వామపక్ష పత్రిక తొలి సంపాదకుల్లో ఒకడు. బెంజమిన్ బ్రిటెన్ ఒపెరా ‘పీటర్ గ్రైమ్స్’కు సాహిత్యం కూర్చినవాడూ అతనే. దర్శకుడు జ్యాక్ లీ యుద్ధకాలంలో డాక్యుమెంటరీలు తీసి చేయి తిరిగినవాడు. 1944లో నవలకు ఈ పేరు పెట్టినప్పుడు స్లేటర్ మనసులో ఓడిపోయిన ఆ ఉన్ని కార్మికుల పాట ఉందనే నా నమ్మకం. వేగాన్ని చూడ్డానికి వచ్చిన ప్రేక్షకుడి చేతిలో అతను కూలీ పాట పెట్టాడు.

అమెరికాలో విడుదల చేసినప్పుడు ఈ పేరు తీసేశారు. ‘మేనియాక్స్ ఆన్ వీల్స్’ అన్నారు, అంటే చక్రాల మీది పిచ్చివాళ్లు. టికెట్లు అమ్మడానికి ఆ పేరు పనికొచ్చి ఉండవచ్చు. కథకు మాత్రం అది తీరని అన్యాయం చేసింది. పిచ్చివాడు పడితే అది అతని ఖర్మ, పనివాడు పడితే అది యజమాని బాకీ. పిచ్చివాడని పిలిస్తే పరిహారం ప్రసక్తే రాదు. పనివాడని పిలిస్తే వైద్యం, బీమా, సంఘం అన్నీ అడగవలసిన మాటలవుతాయి. సాహసం చూపించి బతికే ప్రతివాడికీ ఇది వర్తిస్తుంది. సర్కస్ తాడు మీద నడిచేవాడికీ, సినిమాలో హీరో బదులు దూకే ఫైటర్‌కూ మనం ఇచ్చే పేర్లలో ధైర్యం ఎక్కువ, కూలి తక్కువ. స్వాగ్ అనే మాటను మన పిల్లలు సంతోషంగా వాడుకోనీ, ఆ ఠీవి వాళ్లకు తగినదే. ఆ మాటకు ముల్లె అనే అర్థమూ ఉందని వాళ్లకు చెప్పడం మన పని. అది తెలిసినవాడు చప్పట్లు కొట్టాక, ఆ పనివాడికి ఎంత ముట్టిందని కూడా అడుగుతాడు.