పెరటి కోసం పుట్టిన వనరాజ

పెరట్లో పది కోళ్లు పెంచుకునే సన్నకారు రైతుకు రోగాన్ని తట్టుకునే కోడిని అందించాలన్న ప్రయత్నాన్ని కొక్కెర తెగులు ప్రస్తావన లేకుండా వివరించడం సాధ్యం కాదు. ఈ తెగులు సోకిన కోడి నోరు తెరచి రొప్పుతూ, ఆకుపచ్చగా పారుతూ, మెడ మెలితిరిగి పడిపోతుంది. రోజుల వ్యవధిలోనే ఊళ్లో కోళ్లు తుడిచిపెట్టుకుపోతాయి. 1926లో జావా ద్వీపంలోనూ, ఇంగ్లండులోని న్యూకాసిల్ పరిసరాల్లోనూ నమోదైన ఈ వైరస్ వ్యాధి, ఆ తరువాత కుమావూఁ కొండల్లోని రాణిఖేత్‌లో కనిపించినందున, మన దేశంలో ఆ ఊరి పేరుతోనే స్థిరపడింది. 1940వ దశకంలో ముక్తేశ్వర్ పరిశోధన సంస్థలో టీకా తయారైంది గాని, వందల కోళ్లకు సరిపడే మందును చల్లగా ఉంచి, కలిపిన కొద్ది గంటల్లోనే వాడేయవలసి రావడంతో, అది ఫారాలకు అందినంతగా పెరళ్లకు అందలేదు.

1988లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఏర్పడి, నేడు కోళ్ల పరిశోధన సంచాలకాలయంగా పిలువబడుతున్న సంస్థ ఈ చిక్కును కోడి వైపు నుంచి విప్పబూనింది. అక్కడ రూపొందిన వనరాజకు తండ్రి వరుస రెడ్ కార్నిష్ జాతి మూలాల నుంచి వచ్చింది. ఆ వరుసలో ఆరు వారాల వయసున మోకీలు కింది కాలి పొడవును కొలిచి, పొడుగు కాళ్లవాటినే తరువాతి తరానికి ఎంచుకున్నారు, ఎందుకంటే కుక్కో పిల్లో తరిమినప్పుడు కోడిని కాపాడేవి కాళ్లే. రంగురంగుల ఈకల వల్ల అది గద్ద కంటికి తెల్లకోడిలా కొట్టొచ్చినట్టు కనిపించదు. ఇక రోగనిరోధక శక్తిని అంచనా వేయడానికి జన్యు శాస్త్రజ్ఞులు గొర్రె ఎర్ర రక్తకణాలను కోడికి ఎక్కించి, కొద్ది రోజుల తరువాత దాని నెత్తురులో ప్రతిరక్షకాలు, అంటే ఒంట్లో చొరబడిన పరాయి పదార్థాన్ని పట్టి అడ్డుకునే మాంసకృత్తులు, ఎంత మేర పెరిగాయో చూస్తారు. ఆ శక్తి కొంతవరకు వంశపారంపర్యం కనుక ఎంపికకు అక్కరకొస్తుంది. నాటుకోడి ఏడాదికి 50–60 గుడ్లు పెట్టే పెరట్లో వనరాజ వంద దాకా పెడుతుంది.

అయితే రోగాన్ని తట్టుకోవడం వేరు, అసలు సోకకపోవడం వేరు. మారెక్స్ అనే మరో కోళ్ల వ్యాధికీ, రాణిఖేత్‌కూ టీకాలు వేయించి, ఆరు వారాల దాకా చాటున పెంచిన తరువాతే వనరాజ పిల్లలను ఆరుబయటకు వదలవలసి ఉంటుంది. పైగా అది రెండు వరుసల సంకరం కావడంతో దాని సంతానంలో గుణాలు చెదిరిపోతాయి, పొదుగుకు కూర్చునే స్వభావమూ దానికి తక్కువే; కాబట్టి రైతు ప్రతి విడతకూ హేచరీ గడప తొక్కక తప్పదు. ఆంధ్ర ప్రాంతపు అసీల్ జాతి నుంచి అదే సంస్థ ఎంపిక ద్వారా తీర్చిన వనశ్రీ, సంకరం కాని వరుస కనుక, తరం మారినా గుణం నిలుపుకుంటుంది. అటువంటి ఎంపికకు ముడిసరుకు ఊళ్లలో మిగిలిన నాటు జాతులే కాబట్టి, కొత్త రకాల పిల్లలను పంచే పథకాలు నాటు పుంజుల స్థానాన్ని ఆక్రమించకుండా సాగవలసి ఉంటుంది.