పేజీ తయారయ్యేది ఎక్కడ?

కంభం రైతు తన పొలం 1బీ (భూమి రికార్డు) చూసుకోవాలని 2015లో వచ్చిన మీభూమి పోర్టల్ తెరిస్తే, అడ్రస్ బార్ చివర ఏఎస్‌పీఎక్స్ అని కనిపించేది. మైక్రోసాఫ్ట్ 2002లో విడుదల చేసిన ఏఎస్‌పీ డాట్‌నెట్ ఆనవాలు అది. ఆ పద్ధతిలో పేజీ మొత్తం సర్వర్‌లోనే తయారై వస్తుంది, ఫోన్ దాన్ని చూపిస్తే చాలు. చిక్కల్లా తర్వాతే. అలా కట్టిన ఫారాల్లో జిల్లా ఎంచుకుంటే పేజీ ఒకసారి సర్వర్‌కు పోయి రావాలి, మండలం ఎంచుకుంటే మళ్లీ, ఊరు ఎంచుకుంటే ఇంకోసారి. అర్ధవీడు దాటి నల్లమల అంచున, సిగ్నల్ ఒక గీత నిలిస్తే గొప్ప అనుకునే చోట ఈ రాకపోకలు ఎంత విసుగో చెప్పక్కర్లేదు. జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్కులు ఇలాంటి విసుగులోంచే పుట్టాయి. పుట్టి, ఆ విసుగు తీర్చబోయి ఫోన్ నెత్తిన వేరే బరువు పెట్టాయి. వాటి తర్వాత వచ్చిన నెక్స్ట్, నక్స్ట్, రీమిక్స్, స్వెల్ట్‌కిట్, ఆస్ట్రో ఫ్రేమ్‌వర్కుల చరిత్ర అంతా ఆ బరువు దించుకునే ప్రయత్నమే. కాబట్టి వీటిలో ఏది మేలో తేల్చాలంటే చదివేవాడి ఫోన్‌కు ఏది తక్కువ పని చెబుతుందో చూడాలని నా వాదన.

బ్రెండన్ ఐక్ 1995 మేలో పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తొలి రూపం తయారుచేశాడన్నది అందరూ చెప్పుకునేదే. ఆ ఏడాది చివరికే అతని సంస్థ నెట్‌స్కేప్ దాన్ని సర్వర్ మీద కూడా నడిపించబోయిందన్న సంగతి మాత్రం ఎవరికీ అంతగా పట్టదు. అది నిలవలేదు. సర్వర్ పని పీహెచ్‌పీ, ఏఎస్‌పీ, జావాల పాలైంది, జావాస్క్రిప్ట్ బ్రౌజర్‌లోనే ఉండిపోయింది. పేజీని మళ్లీ లోడ్ చేయకుండా కావలసిన ముక్క మాత్రమే తెచ్చుకునే పద్ధతికి 2005లో అజాక్స్ అని పేరుపడింది. 2010లో వచ్చిన యాంగ్యులర్‌జేఎస్, 2013లో ఫేస్‌బుక్ బయటపెట్టిన రియాక్ట్ ఆ దారినే చివరిదాకా నడిచాయి. సర్వర్ పంపేది ఖాళీ పేజీ, దాని వెనకే పెద్ద స్క్రిప్టు. మిగతాదంతా ఫోనే కట్టుకోవాలి. దీని ఖరీదు ముందుగా తెలిసొచ్చింది ట్విటర్‌కు. 2010లో పేజీ తయారీని బ్రౌజర్‌కు అప్పగించి, 2012 మేలో తిరిగి సర్వర్‌కే తెచ్చుకుంది. దాంతో తొలి ట్వీట్ కనిపించే సమయం అంతకుముందున్న దానిలో ఐదో వంతుకు తగ్గిందని ఆ సంస్థే ప్రకటించింది.

ర్యాన్ డాల్ 2009లో చేసిన నోడ్ వల్ల జావాస్క్రిప్ట్ సర్వర్ మీద స్థిరపడింది కాబట్టి, బ్రౌజర్ కోసం రాసిన కోడ్‌నే సర్వర్‌లోనూ నడపొచ్చన్న ఆలోచన బలపడింది. 2016 అక్టోబర్ 25న రియాక్ట్ మీద కట్టిన నెక్స్ట్ వచ్చింది, ఆ నెలలోనే వ్యూ అనే మరో ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్ల కోసం నక్స్ట్. ఈ రెండిటితో పేజీ సర్వర్‌లో తయారై వస్తుంది, బొమ్మ వెంటనే కనిపిస్తుంది. కానీ మీటలు పనిచేయాలంటే అదే పేజీని కోడ్ రూపంలో ఫోన్ మరోసారి నడపాలి. దాన్నే హైడ్రేషన్ అంటారు. తెలుగు పేజీకి ఇది ఇంకాస్త భారం. యూనికోడ్‌ను వెబ్‌లో పంపే యూటీఎఫ్-8 రూపంలో మన అక్షరం ఒక్కోటి మూడు బైట్లు, ఒత్తూ గుణింతం చేరితే ఇంకా ఎక్కువ. నెక్స్ట్ పాత పద్ధతిలో పేజీ మూలం తెరిచి చూడండి: పైన హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న వార్తే కింద స్క్రిప్టు ట్యాగులో డేటాగా మళ్లీ ఉంటుంది. కుదించి పంపడం వల్ల దారిలో బరువు తగ్గినా, విప్పాక రెండింటినీ చదవాల్సింది ఫోనే. దీనిమీద రియాక్ట్ సామగ్రి, కుదించాక కూడా పదుల కేబీలు.

ఇప్పుడు అందరికీ 4జీ ఉంది, ఈ కేబీల లెక్క దేనికని అడగొచ్చు. నెట్ వేగంగా తెచ్చిపెట్టినా స్క్రిప్టును చదివి నడిపేది ఫోన్‌లోని చిప్పు. కోడ్ రాసేవాడి ల్యాప్‌టాప్‌లో చిటికెలో అయ్యే పనికి చవక ఫోన్ అంతకు ఎన్నో రెట్లు తీసుకుంటుంది. రెండో అభ్యంతరానికి బలం ఎక్కువ: ఒకసారి లోడైతే బ్రౌజర్‌లో కట్టిన యాప్ చకచకా నడుస్తుంది, సర్వర్ మీద భారమూ తగ్గుతుంది. నిజమే. గ్రామ సచివాలయంలో పొద్దస్తమానం ఒకే తెర ముందు కూర్చునే ఉద్యోగికి అదే సరైనది. కానీ మార్కాపురం యార్డులో కంది ధర చూడ్డానికి వచ్చి అర నిమిషంలో వెళ్లిపోయేవాడికి ఆ తర్వాతి వేగం ఎప్పటికీ అందదు. తొలి లోడ్ ఖర్చు మాత్రం దాదాపు వచ్చిన ప్రతిసారీ అతనే భరించాలి.

ఈ కొలతతో చూస్తే ఆస్ట్రోది ముందు వరస. 2022 ఆగస్టులో వెలువడిన దాని 1.0 మనం కావాలని అడిగితే తప్ప ఒక్క స్క్రిప్టూ పంపదు. ధరల పట్టికకు, నోటీసుకు, పత్రికకు అంతకన్నా అక్కర్లేదు. దరఖాస్తుల్లాంటి పనికి రీమిక్స్ దారి నాకు నచ్చింది. స్క్రిప్టు ఇంకా రాకపోయినా ఫారం సర్వర్‌కు చేరుతుంది, వచ్చాక ఆ ఫారమే సొగసుగా నడుస్తుంది. (రీమిక్స్ 2024లో రియాక్ట్ రౌటర్‌లో కలిసిపోయింది, ఇప్పుడు వెతకాల్సింది అక్కడ.) స్వెల్ట్‌కిట్ కూడా ఈ తోవదే, పైగా కాంపోనెంట్లను ముందే కంపైల్ చేస్తుంది కాబట్టి చిన్న పేజీలకు మోత తక్కువ. హైడ్రేషనే వద్దన్న క్విక్ ఫ్రేమ్‌వర్క్‌ను తెచ్చింది యాంగ్యులర్‌జేఎస్ సృష్టికర్త మిష్కో హెవరీ కావడం సరదా.

మనవాళ్లకు వచ్చింది రియాక్ట్, అమీర్‌పేటలో నేర్పేదీ అదే, కాబట్టి నెక్స్టే దిక్కు అనేవాళ్లు ఉన్నారు. మనుషులు దొరక్క ఆగిపోయిన ప్రాజెక్టు కన్నా బరువైన పేజీ నయమే, ఒప్పుకుంటాను. నెక్స్ట్ కూడా ఉన్నచోటే ఉండిపోలేదు. సర్వర్‌లోనే ఉండిపోయి తమ కోడ్‌ను ఫోన్‌కు పంపని కాంపోనెంట్లను రియాక్ట్ బృందమే 2020 డిసెంబర్‌లో ప్రతిపాదించింది, 2022 అక్టోబర్‌లో నెక్స్ట్ 13 వాటిని అందుకుంది. అయినా రియాక్ట్ సామగ్రి వెళ్లడం మానలేదు, పేజీలోని పాఠం డేటాగా మరోసారి వెళ్లడమూ పూర్తిగా పోలేదు. రియాక్ట్ వచ్చినవాడు ఆస్ట్రోలోనూ ఆ కాంపోనెంట్లే వాడుకోవచ్చు, వాటిలో కదలిక అవసరమైన ముక్కలే ఫోన్‌కు చేరతాయి. అందుకని చేతిలో ఉన్న విద్య వృథా అవుతుందనే భయం ఇక్కడ చెల్లదు.