అరగొండ నుంచి ఆభా వరకు: వైద్యసేవల సమన్వయంలో క్లౌడ్ సాంకేతికత – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
వైద్యరంగంలో సమాచార సాంకేతికత చరిత్రను సాధారణంగా దూరాన్ని జయించిన చరిత్రగా వివరిస్తారు. అయితే దూరవైద్యం రోగిని వైద్యుని ముందుకు తెచ్చినంత త్వరగా, రోగి పూర్వచరిత్రను ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి చేర్చలేకపోయింది. ఈ అంతరం ఎలా ఏర్పడింది, దానిని పూరించే ప్రయత్నాలు ఏ క్రమంలో సాగాయి అనే విషయాలను అరగొండ, ఆరోగ్యశ్రీ, ఈ-సంజీవని, ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అనే నాలుగు దశల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: క్లౌడ్ సాంకేతికత, దూరవైద్యం, ఆరోగ్య రికార్డు, ఆరోగ్యశ్రీ, ఈ-సంజీవని, ఆభా, రోగి సమ్మతి.

1. ఉపోద్ఘాతం:
మధుమేహంతో బాధపడే గ్రామీణుడు ఒకచోట రక్తపరీక్ష చేయించుకొని, ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో మందులు తీసుకొని, పట్టణంలోని ఆసుపత్రిలో గుండెపరీక్షకు వెళ్తాడు. ఈ మూడుచోట్ల జరిగిన వైద్యాన్ని కలిపే సాధనం చాలాకాలంపాటు అతని చేతిసంచిలోని కాగితాలే. ఆ సంచి ఇంటివద్ద ఉండిపోతే చేసిన పరీక్షలే మళ్ళీ చేయవలసి వస్తుంది. ఏ మందు పడదో తెలిపే చీటీ పోతే అది ప్రాణాపాయానికే దారితీయవచ్చు.

సమాచారాన్ని ఒక కార్యాలయంలోని యంత్రానికి పరిమితం చేయక, దూరంగా ఉన్న సర్వర్ల సముదాయంలో భద్రపరచి, అవసరమైనంత సామర్థ్యాన్ని అంతర్జాలం ద్వారా వినియోగించుకొనే ఏర్పాటే క్లౌడ్. భారత ప్రభుత్వం 2014లో ‘మేఘరాజ్’ పేరుతో తన క్లౌడ్ వ్యవస్థను ప్రారంభించింది. కానీ వైద్యసేవలను అనుసంధానించే ప్రయత్నాలు అంతకు చాలా ముందే మొదలయ్యాయి.

2. అరగొండ – దూరాన్ని దాటిన తొలి దశ:
చిత్తూరు జిల్లాలోని అరగొండ అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు డా. ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామం. అక్కడి గ్రామీణ ఆసుపత్రిలోని దూరవైద్య కేంద్రాన్ని 2000 మార్చి 24న, హైదరాబాద్ పర్యటనలో ఉన్న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ లాంఛనంగా ప్రారంభించారు. 2001లో ఇస్రో చేపట్టిన దూరవైద్య ప్రయోగం కూడా చెన్నై అపోలో ఆసుపత్రిని అరగొండతో ఉపగ్రహం ద్వారా కలిపింది.

గ్రామంలోని రోగిని నగరంలోని నిపుణుడు చూడగలగడం ఆ కాలానికి గొప్ప ముందడుగు. అయితే ఇది నిర్ణీతమైన రెండు స్థానాల మధ్య ఏర్పడిన బంధం. రోగి మూడవ ఆసుపత్రికి వెళితే ఆ బంధం అతని వెంట రాదు.

3. ఆరోగ్యశ్రీ – ఉమ్మడి వేదిక, పరిమిత ప్రయోజనం:
2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ నేటి అర్థంలో క్లౌడ్ కాకపోయినా, అనేక ఆసుపత్రులను ఒకే ఆన్‌లైన్ వేదికపైకి తెచ్చింది. ఆసుపత్రి పంపిన పరీక్షా నివేదికలను ట్రస్టు వైద్యులు పరిశీలించి శస్త్రచికిత్సకు ముందస్తు అనుమతి ఇచ్చేవారు. రోగికి ఆరోగ్యమిత్ర తోడుగా నిలిచేవారు. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు ఒకే పద్ధతిలో సమాచారం పంపగలవని ఈ పథకం చూపింది. అయితే ఆ రికార్డు ప్రధానంగా అనుమతికి, చెల్లింపుకు ఉద్దేశించినది. తదుపరి వైద్యునికి మార్గదర్శకంగా నిలవడం దాని తొలి లక్ష్యం కాదు.

4. ఈ-సంజీవని – విస్తృతి దశ:
సీ-డాక్ మొహాలీ కేంద్రం రూపొందించిన ఈ-సంజీవని 2019 నవంబరులో ఆరోగ్య, స్వస్థతా కేంద్రాలలో అమలులోకి వచ్చింది. దీనిని మొదట అమలుచేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. గ్రామ కేంద్రంలోని సిబ్బంది రోగిని కూర్చోబెట్టి, హబ్‌లోని వైద్యునితో మాట్లాడించే పద్ధతి ఇది. కోవిడ్ లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25న దూరవైద్య మార్గదర్శకాలు వెలువడ్డాయి. ఏప్రిల్‌లో రోగి ఇంటినుంచే వైద్యుని సంప్రదించే సౌకర్యం కలిగింది.

2023 ఫిబ్రవరి నాటికి ఈ వేదికపై సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. వాటిలో 3 కోట్లకు పైగా ఆంధ్రప్రదేశ్‌వే కావడం గమనార్హం. దీనివల్ల సేవ ఊరికి చేరింది. కానీ పట్టణంలోని ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్న పాత నివేదిక ఆ వైద్యుని తెరపైకి రావడానికి మరొక వ్యవస్థ అవసరమైంది.

5. ఆభా – రికార్డును కలిపే దశ:
ఆ వ్యవస్థకు పునాది అంతకుముందే పడింది. ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను కేంద్ర ఆరోగ్యశాఖ 2013లో ప్రకటించి, 2016లో సవరించింది. ఒకే వ్యాధిని ఒక ఆసుపత్రి ఒక పేరుతోను, మరొకటి వేరొక పేరుతోను నమోదు చేస్తే యంత్రాలు వాటిని కలపలేవు. అందువల్ల ఈ పదజాల నిర్ణయం కీలకమైనది. ఆంధ్రప్రదేశ్ కేడర్‌కు చెందిన విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి జె. సత్యనారాయణ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 2019లో జాతీయ డిజిటల్ ఆరోగ్య రూపకల్పన పత్రాన్ని అందించింది.

2020 ఆగస్టు 15న ప్రకటితమై, ఆరు కేంద్రపాలిత ప్రాంతాలలో ప్రయోగాత్మకంగా నడిచిన కార్యక్రమం 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌గా దేశమంతటికీ విస్తరించింది. ఇందులో రోగికి 14 అంకెల ఆభా సంఖ్య లభిస్తుంది. రికార్డులన్నింటినీ ఒకే కేంద్ర భాండాగారానికి తరలించకపోవడం ఈ రూపకల్పనలోని విశేషం. ఏ ఆసుపత్రి నివేదిక ఆ ఆసుపత్రి వద్దనో, దాని క్లౌడ్‌లోనో ఉంటుంది. ఆభా దానికి దారి చూపుతుంది. రోగి సమ్మతించినప్పుడు, సమ్మతించిన కాలానికి మాత్రమే మరొక వైద్యుడు దానిని చూడగలడు.

6. విశ్వాసం – పరిష్కారం కావలసిన సమస్య:
2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ సర్వర్లపై సైబర్ దాడి జరిగింది. రోగుల నమోదు, పరీక్షా నివేదికల వంటి పనులు కొన్నిరోజులపాటు చేతిరాతతో సాగాయి. సమాచారం ఎక్కడ ఉన్నా దాని రక్షణకు, ప్రత్యామ్నాయ ప్రతులకు బాధ్యులెవరో ముందే నిర్ణయించాలని ఈ ఘటన హెచ్చరించింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఆ బాధ్యతకు చట్టబద్ధత కల్పించింది. అయినా ఆసుపత్రి గుమాస్తా బల్లవద్ద, సెల్‌ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పడమే సమ్మతిగా మారితే చట్టం ఉద్దేశం నెరవేరదు. చదువురాని రోగికి తాను దేనికి అంగీకరిస్తున్నాడో తెలుగులో వివరించే మనిషి అవసరం.

7. ముగింపు:
అరగొండ దూరాన్ని తగ్గించింది. ఆరోగ్యశ్రీ ఆసుపత్రులను ఒక పద్ధతికి తెచ్చింది. ఈ-సంజీవని సేవను విస్తరించింది. ఆభా రికార్డుకు దారి వేసింది. ఈ క్రమాన్ని పరిశీలిస్తే, ప్రతిదశలోను యంత్రం ముందుగా వచ్చి, ఉమ్మడి నియమాలు తరువాత వచ్చాయని తెలుస్తుంది. ఆరోగ్యశ్రీలో ఆరోగ్యమిత్ర నిర్వహించిన పాత్రను ఆభా దశలో సమ్మతి విషయానికి విస్తరించగలిగితే, రోగి చేతిసంచి భారం నిజంగా తగ్గుతుందని చెప్పవచ్చు.